శాసనాలూ, ఇంటిపేర్లూ, వంశగౌరవాల బేరం

ఇటీవల మన జిల్లాల్లో ఒక కొత్తరకం సాహిత్యం బయలుదేరింది. సాహిత్యమని ఎందుకంటున్నానంటే, దాన్ని చరిత్ర అనడానికి నాకు మనసొప్పడం లేదు కనక. కులసంఘాల వార్షికోత్సవ సంచికలు, పెళ్ళిళ్ళలో పంచిపెట్టే వంశచరిత్రలు, ఇంటిపేర్లూ గోత్రాలూ పట్టికలు వేసిన చిన్న పుస్తకాలు - అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. మొదటి పేజీలో కత్తి పట్టుకున్న రాజుబొమ్మ. రెండో పేజీలో ఒక శాసనం. మూడో పేజీలో ఆ శాసనంలోని ఏదో పేరుకూ, పుస్తకానికి డబ్బిచ్చిన పెద్దమనిషి ఇంటిపేరుకూ వేసిన పీటముడి. నేను చదివిన ఒక సంచికలో 'పిల్లి' అనే ఇంటిపేరును పల్లవులకు కట్టబెట్టారు. పిల్లి మాత్రం ఏం పాపం చేసిందో రచయితగారు చెప్పలేదు.

వీటిని చూసి నవ్వి వూరుకుందామనే అధ్యాపక మిత్రులు చాలామంది వున్నారు. నేను వూరుకోలేను. నా తరగతిలో కూర్చునే పిల్లలు వీటిని పరిశోధన అనుకొని పట్టుకొస్తున్నారు. కాకతీయులనాటి రాయిలో తన ఇంటిపేరు వుందని ఒకడు బెంచీమీద నిటారుగా కూచుంటే, పక్కవాడు "మరి మావాళ్ళు ఏ రాయిలో వున్నారండీ?" అని అడుగుతున్నాడు. ఈ రెండో ప్రశ్నకు జవాబు చెప్పకుండా శాసనాల పాఠం చెప్పడం నావల్ల కాదు.

మొదట పలనాటి దుర్గి సంగతే చూద్దాం. మాచర్లకు దగ్గర్లో వున్న ఈ వూరిని రాతిశిల్పాల వల్ల నలుగురూ ఎరుగుదురు. చరిత్ర విద్యార్థులు మాత్రం 1269 నాటి శాసనం వల్ల ఎరుగుదురు. కాయస్థ నాయకుడు జన్నిగదేవుడు పానుగల్లు మొదలు మార్జవాడి దాకా వున్న నేలను రుద్రమదేవికి లోబడి ఏలుతున్నట్టు అది చెబుతుంది. అందులో రుద్రమదేవిని 'పట్టోద్ధతి' అన్నారు. ఈ ఒక్క మాట మీద చరిత్రకారులు ఎంత చర్చ చేశారో! పట్టానికి ఎన్నికైనదే గాని ఇంకా అభిషేకం జరగనిది అని దానికి అర్థం చెప్పి, ఆ యేటికి ముసలి గణపతిదేవుడు బతికే వున్నాడని వాదించారు. ఒక రాణి పట్టాభిషేకపు సంవత్సరం ఒక్క మాట మీద ఆధారపడింది.

ఆ మాటకు అంత బలం ఎక్కడినుంచి వచ్చింది? అది దస్తావేజులోని మాట కావడం వల్ల వచ్చింది. హక్కు ఎవరిది, బాధ్యత ఎవరిది, హద్దు ఎక్కడిది అని తేల్చడానికే శాసనం వేయిస్తారు. ముందు భాగంలో ప్రశస్తి ఎంత పొగిడినా, లావాదేవీ దగ్గరికి వచ్చేసరికి ప్రతి మాటా లెక్కలోకి వస్తుంది. అక్కడ మనిషి పేరు మనిషి కోసం రాదు. ఆ లావాదేవీలో అతను నిలబడిన చోటును బట్టి వస్తుంది. రుద్రమదేవే చాలా శాసనాల్లో 'రుద్రదేవ మహారాజు'గా కనిపిస్తుంది. రాజ్యం ఆడదాని చేతిలో వున్నా, రాజ్యాధికారానికి మాత్రం మగపేరే పెట్టవలసి వచ్చింది. పేరు రక్తాన్ని చెబుతుందనేవారు ఈ పేరు ఏం చెబుతున్నదో కాస్త వివరించాలి.

జన్నిగదేవుడి ఇల్లే చూడండి. అతనికి ముందు ఆ పదవిలో వున్నవాడు అతని మేనమామ గంగయ సాహిణి. సాహిణి అంటే గుర్రపుదళాల మీద అధికారి. మామ ఉద్యోగం పేరుతో రాయికెక్కాడు, అల్లుడు 'దేవుడై' ఎక్కాడు. పదవి తండ్రినుంచి కొడుక్కి కాక మేనమామనుంచి మేనల్లుడికి దిగింది. తండ్రి, తాత, ముత్తాత అంటూ గీతలు గీసే మన వంశవృక్షాల పుస్తకాల్లో ఈ కొమ్మను ఎక్కడ అతికిస్తారు?

ఏలికల సంగతి ఇంకా తమాషాగా వుంటుంది. కాకతీయులు చాలా శాసనాల్లో తాము నాలుగో వర్ణంవారమని, దుర్జయ వంశంవారమని చెప్పుకోవడానికి సిగ్గుపడలేదు. అదే గణపతిదేవుడు సముద్రవ్యాపారులకు అభయమిస్తూ 1244లో మోటుపల్లిలో వేయించిన శాసనంలో మాత్రం వంశం సూర్యుడిదాకా, శ్రీరాముడిదాకా పోయింది. విదేశీ వర్తకుల రేవులో సూర్యవంశం కావలసి వచ్చింది కాబోలు. రాజుగారే అవసరాన్ని బట్టి వంశం మార్చుకోగా లేనిది, ఆయన శాసనంలోని పేరొకటి పట్టుకొని ఏడువందల యేళ్ళ తర్వాత మనం కులం తేల్చుకుంటామా?

ఇక రెడ్డి, నాయుడు, సెట్టి, బోయ, కాపు, లెంక, ప్రెగ్గడ - ఈ మాటల విషయం. ఈనాడు వీటిలో చాలా మాటలు వినగానే మనకు కులం స్ఫురిస్తుంది. శాసనాల్లో ఇవి పనుల పేర్లు, హోదాల పేర్లు. రట్టగుడి, రట్టడి అనే రూపాలనుంచి వచ్చిన రెడ్డి వూరిపెద్ద. నాయకుడు దండు నడిపేవాడు, లేదా దొర కింద అధికారం చేసేవాడు. సెట్టి వర్తకుడు. కాపు సేద్యగాడు. లెంక ఏలినవాడికి ప్రాణమిస్తానని ప్రతిజ్ఞ చేసిన సేవకుడు. ప్రెగ్గడ రాచకార్యాలు చూసే ఉద్యోగి. కవిత్రయంలోని ఎర్రన పేరు చివర ఆ ఉద్యోగం ఇప్పటికీ వేలాడుతూనే వుంది. కాకతీయులనాటి శాసనాలను వందలకొద్దీ పరిశీలించి సింథియా టాల్బట్ 2001లో ఒక పుస్తకం ప్రచురించింది. వాటిలో జాతుల పేర్లు బహు అరుదని, తండ్రికి ఒక బిరుదుంటే కొడుక్కి మరొకటి వుండడం కద్దని ఆమె చూపింది. తండ్రీకొడుకులకే ఒకటి కాని మాట, ఏడు శతాబ్దాల తర్వాత పుట్టిన మనకు ఎలా వారసత్వమవుతుంది?

'సాని' అనే మాట గతి ఏమైందో తెలుగు విద్యార్థులకు నేను చెప్పనక్కరలేదు. శాసనాల్లో అది దొరల భార్యల పేర్ల చివరా వుంది, గుడిలో ఆడిపాడే స్త్రీల పేర్ల చివరా వుంది. 'స్వామిని' అనే గౌరవం ఇద్దరికీ దక్కింది. తర్వాతి సమాజం ఆ గౌరవాన్ని తీసేసి మాటను తిట్టుగా మార్చింది. వంశచరిత్రకారులెవరూ ఈ మాట దగ్గర ఆగరు. దొరల పేర్లలోని రెడ్డి, నాయుడు మాత్రమే వారికి ప్రాచీనం.

ఇప్పుడు పక్కబెంచీ కుర్రవాడి ప్రశ్నకు వస్తాను. దానికి జవాబు బోయల దగ్గర దొరుకుతుంది.

848 నాటి అద్దంకి శాసనం తెలుగులో తొలి పద్యశాసనాల్లో ఒకటి. పండరంగడు పన్నెండు బోయకొట్టాలను గెలిచాడని అందులో వుంది. అంటే సొంత స్థావరాలు కట్టుకొని, పైవాడికి లొంగక వున్న జనంగా బోయలు మన భాషలోకి ప్రవేశించారు, ఓడిపోయినవారుగా. తర్వాతి శతాబ్దాల్లో తీరాంధ్రపు గుళ్ళలో వేసిన దీపశాసనాల్లో వాళ్ళు మళ్ళీ కనిపిస్తారు. ఒక దొరో, దొరసానో, వర్తకుడో తన పుణ్యం కోసం అఖండదీపం పెడతాడు. పాతిక ఆవులనో యాభై గొర్రెలనో గుడికిస్తాడు. ఆ మందను ఫలానా బోయకు అప్పగిస్తారు. అతను రోజూ గుడికి మానెడు నెయ్యి పొయ్యాలి. అతను పోతే కొడుకు, కొడుకు పోతే మనుమడు, సూర్యచంద్రులున్నంత కాలం పొయ్యాలి. మంద చచ్చినా ఒప్పందం చావదు.

ఆ రాయిమీద రెండు పేర్లున్నాయి. దాత పేరు పుణ్యం కోసం వుంది. బోయ పేరు నెయ్యి కోసం వుంది. పుట్టబోయే బిడ్డలను ఆ పేరు కింద ముందుగానే బాకీ పెట్టేశారు. వంశపారంపర్యం అని మనం గర్వంగా పలికే మాట ఈ రాళ్ళమీద ఎక్కువమంది పట్ల ఒక చాకిరీ షరతుగానే వుంది. తన ముత్తాత పేరు శాసనంలో వుందని ఎవరైనా చెబితే నేను మొట్టమొదట అడిగేది ఇదే: ఇచ్చినవాడిగా వున్నాడా, పుచ్చుకున్నవాడిగా వున్నాడా, లేక నెయ్యి పొయ్యవలసినవాడిగా వున్నాడా?

ఆ మూడింటిలో దేనికీ చెందనివాళ్ళు మరీ ఎక్కువ. మడి దున్నినవాడు, చెరువు మట్టి మోసినవాడు, కళ్ళం వూడ్చినవాడు శాసనానికి అవసరం లేదు. వాడికి ఇవ్వడానికి హక్కు లేదు, వాడితో ఒప్పందం చేసుకోవలసిన పనీ లేదు. పలనాటి వీరగాథలో కూడా బ్రహ్మనాయుడికి నాయుడనే హోదా వుంది. అతని పక్కన కత్తి పట్టి నిలిచిన కన్నమదాసుకు పేరు వెనక దాసు, పేరు ముందు కులం. చాపకూడు కుడిచిన పంక్తిలోనే పేర్లు పంక్తిభేదం పాటించాయి. నిన్నమొన్నటిదాకా వూరికవిలెల్లో, పత్రాల్లో కూలీవాడి పేరు రాసిన పద్ధతీ ఇదే: ఇంటిపేరు వుండవలసిన చోట కులంపేరు, పేరు చివర 'గాడు'. వాడికి ఇంటిపేరు లేక కాదు. రాసేవాడికి దానితో పని లేక.

ఇది మన దేశపు వింతేమీ కాదు. దుర్గి శాసనం పడిన పదేళ్ళకు, 1279లో, ఇంగ్లండు రాజు ఒకటో ఎడ్వర్డు ఎవరి చేతిలో ఎంత నేల వుందో వూరూరా విచారణ చేయించాడు. స్వతంత్రులైన రైతులతో పాటు అర్ధబానిసలైన విలీనుల పేర్లూ, వాళ్ళు కట్టవలసిన సిస్తూ, చెయ్యవలసిన వెట్టీ ఆ జాబితాల్లోకి ఎక్కాయి. కోర్టు గుమాస్తా రాసేది లాటిన్‌లో. కాని జనం ఒకరినొకరు పిలుచుకొనే ఎగతాళి పేర్లను లాటిన్‌లోకి మార్చడం వాడివల్ల కాలేదు. దాంతో డ్రింక్‌వాటర్, గోటుబెడ్, షేక్‌స్పియర్ వంటి పేర్లు ఇంగ్లీషు మాటలుగానే రికార్డుల్లో పడ్డాయి. అంటే నీళ్ళుతాగుడువాడు, పడకేసేవాడు, ఈటె ఝళిపించేవాడు. ఎన్నో ఇంగ్లీషు మాటలు గ్రంథాలకంటే ముందు ఇలా పేర్లలోనే దొరుకుతాయి. చెస్టర్ కోర్టు రికార్డుల్లో 1310 నాటి ఒక ముద్దాయి పేరులో ఇంగ్లీషువాళ్ళ ప్రసిద్ధమైన బూతుమాట వుందని పాల్ బూత్ అనే చరిత్రకారుడు బయటపెట్టగా 2015లో పత్రికల్లో పెద్ద అల్లరి జరిగింది. ఆ మాటకు ఆ అర్థంలో తెలిసినంతలో అదే మొదటి ప్రయోగమట. దాన్ని ఇక్కడ అచ్చువెయ్యమని సంపాదకులను ఇబ్బంది పెట్టను.

నవ్వుకోవడానికి ఇది బాగానే వుంటుంది. కాని ఆ జాబితాలు నవ్వులాటకు తయారైనవి కావు. 1377, 1379, 1381 సంవత్సరాల్లో ఇంగ్లండు ప్రభుత్వం తలపన్ను వేసింది. తలపన్ను వెయ్యాలంటే తలలు లెక్కపెట్టాలి, తలకొక పేరుండాలి. ఒక జాన్ వుంటే చాలదు. ఏ జానో తేలాలి. మూడో పన్నుతో రైతులు తిరగబడ్డారు. వాళ్ళ నాయకుడు వాట్ టైలర్. టైలర్ అంటే ఇంటికప్పుకు పెంకులు పరిచేవాడు. ఆ తిరుగుబాటుదారులు చాలాచోట్ల మొదట చేసిన పని, దొరల కోర్టుల్లోని కాగితాల చుట్టలు వీధిలో వేసి కాల్చడం. తమ పేర్లు అక్కడ ఎందుకున్నాయో వాళ్ళకు ఏ పండితుడూ చెప్పనక్కరలేకపోయింది. ఆ తర్వాత 1413లో ముద్దాయి పేరు పక్కన అతని హోదా లేక వృత్తి, నివాసం తప్పక రాయాలని చట్టమే చేశారు. పేరు పిలవడానికి పుట్టి వుండవచ్చు. దాన్ని గట్టిపరిచింది మాత్రం పట్టుకోవలసినవాళ్ళు.

మన ఇంటిపేర్లలో వూళ్ళపేర్లు ఎక్కువగా వున్నాయి కనక వంశమూలం తెలుస్తుంది గదా అని ఒక వాదం వుంది. దీన్ని కొంచెం ఆలోచించి చూడాలి. మాచర్లలో వున్నవాణ్ణి 'మాచర్లవాడు' అని ఎవరు పిలుస్తారు? వూరంతా మాచర్లవాళ్ళే. వాడు వూరు విడిచి ఇంకో వూరు చేరిన తర్వాతే ఆ పేరు పడుతుంది. వూరిపేరుతో వున్న ప్రతి ఇంటిపేరూ ఒక వలసకు గుర్తు. కరువుకో, యుద్ధానికో, సిస్తు కట్టలేకో, పనికోసమో ఎవరో మూట నెత్తిన పెట్టుకొని వచ్చారన్నమాట. లింకన్ పట్టణంలో ఎవడికీ లింకన్ అనే పేరు పడదు, యార్క్ చేరితే పడుతుంది. అక్కడా ఇదే సూత్రం. ఒకే వూరునుంచి బ్రాహ్మడూ, సేద్యగాడూ, మాలా, మాదిగా అందరూ లేచిపోయారు కనకనే ఒకే ఇంటిపేరు ఇన్ని కులాల్లో వుంది. దీన్ని వంశగౌరవమని అమ్ముకొనేవారు తమ పూర్వుల నెత్తిమీది మూటను దాచేస్తున్నారు.

వూళ్ళు కాని ఇంటిపేర్లే నాకు మరీ ఇష్టం. నక్కా, కాకి, మేకా, గుర్రం, ఉప్పు, పప్పు, గంజి, చింతకాయల, వంకాయల, బండి, నాగళ్ళ. ఇవి జనం నోటినుంచి పుట్టిన మాటలు. 'గంజి' అన్నది తిండిలేనివాడి మీద విసిరిన ఎగతాళా, మగ్గం దగ్గర నూలుకు పెట్టే గంజా అని ఒక్కొక్క ఇంటినీ అడిగి రాసుకుంటే, ఒక్కొక్క తాలూకాకు ఒక శ్రామికచరిత్ర తయారవుతుంది. రాతిపనివాళ్ళూ, లోహపుపనివాళ్ళ పేర్ల చివర 'ఓజు' వుంటుంది. పోలోజు, శ్రీరామోజు వంటి ఇంటిపేర్లలో అది ఇప్పటికీ మిగిలింది. ఉపాధ్యాయుడనే మాట ప్రాకృతంలో నలిగి 'ఒజ్జ' అయింది, ఓజు దాని తోబుట్టువే. నాలాంటి బడిపంతులి పేరు ఒకనాడు ఉలి పట్టినవాడికి గౌరవవాచకం! దుర్గి శిల్పులు ఈ మాట వింటే, తమ పనికి ఇప్పుడు దక్కుతున్న మర్యాద ఎంతో లెక్కవేసి చూసుకొంటారు.

వంశచరిత్రల వ్యాపారులను ఇంతగా తిట్టి, మా తెలుగుశాఖలను వదిలిపెడితే అన్యాయమవుతుంది. శాసనాలను వాళ్ళ చేతుల్లో పడేసింది మేమే. మాకు శాసనం అంటే ఛందస్సు. అద్దంకి శాసనంలో తరువోజ వుంది, బెజవాడ యుద్ధమల్లుడి శాసనంలో మధ్యాక్కర వుంది, లక్షణం రాసి ఉదాహరించండి. ఆ పన్నెండు బోయకొట్టాల్లో వున్నది ఎవరని ఏ ప్రశ్నపత్రమూ అడగదు. నన్నయకు ముందు పద్యం వుందా లేదా అని తరాల తరబడి కలహించుకొన్నాం. ఆ నన్నయే 1053లో నందంపూడి అగ్రహారానికి దానపత్రం కూర్చిన సంగతిని మాత్రం ఒక వాక్యంలో దాటేస్తాం. ఆదికవి దస్తావేజు లేఖకుడు కూడా అయితే ఆదికవిత్వానికి మైల అంటుతుందా?

అసలు తెలుగు భాష మొదట బతికింది దస్తావేజుల్లోనే. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు అతిప్రాచీనమైన తెలుగుమాటగా గుర్తించిన 'నాగబు' దొరికింది అమరావతి స్తూపపు రాతిమీద. తూర్పు చాళుక్యులు వేయించిన తొలి తెలుగు శాసనాల్లో ఒకటైన 641 నాటి జయసింహవల్లభుని శాసనం నరసరావుపేట సీమలోని విప్పర్లలో దొరికింది. ఈ రెండూ ఇప్పటి పలనాడు జిల్లాలోవే. ఆ చాళుక్యుల తామ్రశాసనాలు తిరగవెయ్యండి. రాజు పొగడ్త సంస్కృతంలో దీర్ఘసమాసాలతో సాగుతుంది. పొలం హద్దు దగ్గరికి వచ్చేసరికి గుంట, పుట్ట, చెరువు, తెరువు వంటి తెలుగు మాటలు తలెత్తుతాయి. ప్రాచీన ఇంగ్లండు దానపత్రాల్లోనూ ఒళ్ళంతా లాటిన్, హద్దులు ఇంగ్లీషు. ఏ పుట్ట దగ్గర హద్దు తిరుగుతుందో దేవభాషలో రాస్తే రేపు తగాదాలో సాక్ష్యం చెప్పవలసిన కాపుకు అర్థం కాదు. పొగడ్తలో పొరపాటు పడితే నష్టం లేదు. హద్దులో పొరపాటు పడితే పొలం పోతుంది. జనభాషకు కవులకంటే ముందు చోటిచ్చింది ఈ భయమే.

కుందూరి ఈశ్వరదత్తుగారి శాసనశబ్దకోశం 1967లో, బూదరాజు రాధాకృష్ణగారి తొలి తెలుగు శాసనాల సంపుటి 1971లో వచ్చాయి. యాభై యేళ్ళు దాటిన తర్వాత కూడా ఈ పుస్తకాల్లోని మాటలను జనం చరిత్రతో కలిపి చదివే పాఠం మా తరగతుల్లో లేదు.

ఒక్క మాట చదివి చూపిస్తాను. 'అరి' అంటే ఏలినవాడికి కట్టే పన్ను. పన్ను కట్టే సేద్యగాణ్ణి పాత తెలుగులో 'అరిగాపు' అన్నారు. 'పుల్లు' అంటే గడ్డి. రెండూ కలిస్తే పుల్లరి, పశువులు మేసిన గడ్డికి పన్ను. 1882లో మద్రాసు ప్రభుత్వం అడవుల చట్టం తెచ్చింది. చట్టం ఇంగ్లీషులో వుంది, దొర ఇంగ్లీషువాడు, తుపాకీ ఇంగ్లీషుది. పలనాటి రైతు దగ్గర పన్ను అడిగేటప్పుడు మాత్రం పుల్లరి అన్న పాతమాటే పలికింది. ఆ పుల్లరి కట్టమన్నందుకే ఇదే దుర్గి మండలంలోని మించాలపాడులో 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు పోలీసు తుపాకులకు బలయ్యాడు. జన్నిగదేవుడి రాయి పడిన వూరికీ ఈ నెత్తురు పడిన వూరికీ మధ్య దూరం ఎంతో కాదు. మా కులసంచికల వాళ్ళు హనుమంతు బొమ్మ కూడా వేస్తారు, ఆయన ఎవరివాడో తేల్చడానికి. 'పుల్లరి' అనే మాట ఎవరిదో తేల్చరు.

కనక ఆ సంచికల సంపాదకులను ఈ పత్రిక ముఖంగా అడుగుతున్నాను. మీ పుస్తకాల్లో ఉదాహరించిన ప్రతి శాసనానికీ పూర్తిపాఠం అచ్చువెయ్యండి, పేరున్న ఒక్క పంక్తి కాదు. ఆ పేరుగల మనిషి ఇచ్చింది ఏమిటో, ఆ ఇచ్చిన నేలను దున్నినవారెవరో, నెయ్యి పొయ్యవలసింది ఎవరో పక్కనే రాయండి. విద్యార్థి మిత్రులకు వేరే మనవి. వేసవి సెలవుల్లో మీ వూళ్ళో ఇంటిపేర్లు గడపగడపకూ తిరిగి రాసుకురండి. పల్లెలోవీ, పేటలోవీ, వూరి చివర గుడిసెల్లోవీ, ఏదీ విడిచిపెట్టవద్దు. పేరుతో పాటు ఆ ఇంటివారు ఎక్కడినుంచి వచ్చారో, ఎందుకు వచ్చారో, ఏ పని చేశారో వాళ్ళ మాటల్లోనే రాయండి. పక్కబెంచీ కుర్రవాడు తన గూడెంలో అప్పుడే మొదలుపెట్టాడు. పదకొండు ఇళ్ళు అయ్యాయట.